ఇనుము నీటిమీద తేలదు

ఓడ అంటే జీవితం. తుఫాను అంటే కష్టాలు. మబ్బుల సందున వెలుగు అంటే ఆశ. ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ మనిషి అంటే ఆత్మ. కనపడీ కనపడని దిగంతం అంటే పరలోకం. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ రొమాంటిక్ చిత్రకారుల సముద్ర చిత్రాల గురించి మనవాళ్లు ఎవరు నాలుగు వాక్యాలు రాసినా, సభలో పది నిమిషాలు మాట్లాడినా ఈ అయిదు మాటలే తిరగేసి మరగేసి వస్తున్నాయి. ఎక్కాల పుస్తకంలా అందరికీ కంఠతా వచ్చేసింది. చివర, “ఈ చిత్రాల్లో సముద్రం బయట లేదు, కళాకారుడి హృదయంలో ఉంది” అని ముక్తాయింపు. చప్పట్లు.

నాకు ఆ ముక్తాయింపు మీద అభ్యంతరం ఉంది. ఆ అయిదు మాటలూ తప్పని కాదు. ఏ చిత్రానికైనా సరిపోతాయి కనకనే అవి ఏ చిత్రం గురించీ ఏమీ చెప్పవు. బొమ్మ చూడకుండానే చెప్పెయ్యవచ్చు. అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది. ఆ సముద్రాల్లో మనుషులు చచ్చిపోయారు. పేర్లూ తారీకులూ ఉన్న చావులు అవి. కొన్నింటికి ధర కూడా ఉంది. “హృదయ సముద్రం” అనగానే ఆ శవాలన్నీ మాయమైపోతాయి. చిత్రకారుడు కష్టపడి పైకి తెచ్చినదాన్ని వ్యాఖ్యాత మళ్లీ ముంచేస్తున్నాడు.

ఉదాహరణ లేకుండా మాట్లాడను. టర్నర్ 1840లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించిన చిత్రం తీసుకుందాం. అందరూ ముద్దుగా ‘బానిస ఓడ’ అంటారు. ఇప్పుడు అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో ఉంది. మధ్యలో నిప్పు స్తంభంలా సూర్యుడి వెలుగు, ఎరుపు, పసుపు, గంధకం రంగు ఆకాశం, ఎడమ పక్క నురుగులో తూలుతున్న ఓడ. అద్భుతం అంటాం. రంగుల ఉద్వేగం అంటాం. తర్వాత, చాలా తర్వాత, కుడి పక్క కింద మూలకు కన్ను వెళుతుంది. అక్కడ ఒక కాలు నీళ్లలోంచి పైకి లేచి ఉంది. దానికి సంకెల. చుట్టూ చేపలు మూగి ఉన్నాయి, పైన పక్షులు.

ఈ చిత్రం వెనక ఉన్నది ‘జాంగ్’ అనే ఓడ కథ అని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. 1781 నవంబరు చివర. లివర్‌పూల్ వర్తకుల ఓడ. ఆఫ్రికా తీరం నించి బానిసల్ని నింపుకుని జమైకాకు పోతోంది. దారి లెక్క తప్పి జమైకా దాటి ముందుకు పోయారు. మంచినీళ్లు చాలవన్న సాకు మీద 130 మందికి పైగా మనుషుల్ని, ఒకేసారి కాదు, కొన్ని రోజులపాటు విడతలు విడతలుగా, ప్రాణాలతో సముద్రంలోకి తోసేశారు. ఎందుకో తెలుసా? బానిస జబ్బుతో చస్తే భీమా సొమ్ము రాదు. మిగతా సరుకును కాపాడటానికి కొంత సరుకు పారెయ్యాల్సి వచ్చిందంటే వస్తుంది. తలకు 30 పౌన్ల చొప్పున యజమానులు దావా వేశారు. 1783లో జూరీ వాళ్లకే సొమ్ము ఇమ్మంది. భీమావాళ్లు పై కోర్టుకెళితే మళ్లీ విచారణ జరపమన్నారు. హత్య అని మాత్రం ఎవరి మీదా కేసు నడవలేదు. అది హత్యా, సరుకు నష్టమా అనే ప్రశ్న ఆ కోర్టులో తేల్చాల్సిన విషయమే కాదు.

ఇప్పుడు చెప్పండి, ఆ చిత్రంలో సముద్రం కళాకారుడి హృదయమా, చిట్టా పుస్తకమా?

టర్నర్‌కు ఈ సంగతి తెలుసు. చిత్రంతోపాటు తన సొంత పద్యపు ముక్క ఒకటి ప్రదర్శన పట్టికలో వేయించాడు. ‘ఆశ చేసే మోసాలు’ అని అర్థం వచ్చే పేరుతో చాలాకాలం రాస్తూ పోయిన పద్యంలోది. అందులో ఆశ గురించి మాట్లాడుతూ సంత ప్రస్తావన తెచ్చాడు. ఆశ, సంత. మన వ్యాఖ్యాతల ఎక్కాల పుస్తకంలో ఈ రెండూ ఒక పంక్తిలో రావు. ఇంకోటి కూడా చెప్పాలి, దాస్తే అన్యాయం. ఇదే టర్నర్ 1805లో జమైకాలో బానిసల చాకిరీ మీద నడిచే ఒక పశువుల క్షేత్రంలో 100 పౌన్లు పెట్టుబడి పెట్టాడు. ఆ చెయ్యే ముప్ఫయి అయిదేళ్ల తర్వాత ఈ కాలును గీసింది. పశ్చాత్తాపమా కాదా అన్నది నాకు అక్కర్లేదు. ఆ ఉద్వేగం ఆకాశం నించి ఊడిపడింది కాదనీ, దానికి లెక్కాపత్రం ఉందనీ చెప్పడమే నా ఉద్దేశం.

రస్కిన్ సంగతి చూడండి. టర్నర్‌ను లోకానికి చూపించినవాడు, గొప్ప కన్ను ఉన్నవాడు. 1843లో వచ్చిన ‘ఆధునిక చిత్రకారులు’ మొదటి సంపుటంలో, టర్నర్ కీర్తికి ఒక్క చిత్రమే ఆధారం కావాలంటే తాను దీన్నే ఎన్నుకుంటానన్నాడు. కెరటాల ఉబ్బు, వెలుగు లోయల్లోకి దిగడం, నీడలు, ఒక్కొక్కటే వర్ణించాడు. వచనం గొప్పది. ఓడ పాపిష్టిదని ఒక మాట విసిరాడు కూడా. కానీ అది బానిసల ఓడ అనీ, మనుషుల్ని నీళ్లలోకి విసురుతున్నారనీ ఎక్కడ చెప్పాడు? అడుగున, పాదసూచికలో. 1844లో తండ్రి ఆ చిత్రాన్నే కొని కానుకగా ఇచ్చాడు. చాలా ఏళ్లు ఇంట్లో పెట్టుకుని, చివరకు దాని వస్తువు భరించలేక అమ్మేశాడని చెబుతారు. 1872లో అది అమెరికా చేరింది. ఆ పాదసూచికలో అణిగిపోయినవాళ్లు గోడమీద నించి చూస్తూంటే ఆయనకు నిద్ర పట్టలేదేమో.

మన దగ్గర పాదసూచిక కూడా ఉండటం లేదు. అదే నా బాధ.

ఇక్కడ ఒక మిత్రుడు ఆపుతాడు. “అయితే చిత్రకళ వార్తాపత్రికా? కోర్టు కాగితాలు చదివితే సరిపోదా? ప్రతీక అక్కర్లేదా?” న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఆ చిత్రంలోనే ఉంది. ఆ కాలి దగ్గర్లో నీళ్లమీద గొలుసులు తేలుతున్నాయి. ఇనప గొలుసులు! పడవ ఎక్కిన పసివాడికి కూడా తెలుసు, ఇనుము నీటిమీద తేలదని. జీవితమంతా ఓడల్నీ రేవుల్నీ గీసిన టర్నర్‌కు తెలియదా? తెలిసే గీశాడు. ఆ శవాలు మునిగిపోయినా ఆ ఇనుము మునగడానికి వీల్లేదు. అదీ ప్రతీక అంటే. ‘జాంగ్’ కథలో తుఫాను లేదు. టర్నర్ తెచ్చాడు, ఓడ మీదికి తోలాడు. అదీ ప్రతీకే.

నేననేది ఏమిటంటే, చిత్రకారుడు వాస్తవం నించి ఎక్కడ, ఎంత దూరం, తెలిసి తెలిసి పక్కకు జరిగాడో అక్కడే ప్రతీక ఉంటుంది. వాస్తవం ఏమిటో తెలియనివాడికి ఆ జరగడం కనపడదు. గొలుసు తేలుతోందని గమనించాలంటే ముందు గొలుసు బరువు తెలియాలి. మన ప్రతీకల నిఘంటువు ఆ బరువును ముందే తీసేస్తుంది. తీసేశాక అన్నీ తేలతాయి.

టర్నర్‌దే ఇంకో చిత్రం, 1839 నాటి ‘టెమెరేర్’. ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న పాత యుద్ధనౌకను విరగ్గొట్టడానికి థేమ్స్ నదిలో పొగబోటు లాక్కుపోతోంది. వెనక సూర్యాస్తమయం. “పాత యుగం అస్తమించింది” అని అందరూ అంటారు, నిజమే. కానీ 1838లో ఆ ఓడను లాక్కుపోయేనాటికి దానికి తెరచాప కొయ్యలే లేవు; అవి ముందే పీకేశారు. ఉత్త డొల్ల. టర్నర్ కొయ్యలు మళ్లీ నిలబెట్టి తెల్లగా, దెయ్యంలా, పెళ్లికూతురిలా చేశాడు. లాగిన బోట్లు రెండు. ఆయన ఒక్కదాన్నే గీశాడు. నదిలో ఆ ఓడ పోయింది పడమరకు. కానీ చిత్రంలో సూర్యుడు దాని వెనక, తూర్పు వైపున కుంకుతున్నాడు. ఈ మూడూ తెలిశాక అది ఉత్త “అస్తమయం” కాదని అర్థమవుతుంది. చచ్చినదానికి చివరిసారి బట్టలు కట్టి సాగనంపడం అది. ఆ మమకారం తెలియాలంటే అది డొల్ల అని తెలియాలి.

ఇక జెరికో చిత్రం ‘మెదూజ్ తెప్ప’. 1819. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, దాదాపు 5 మీటర్ల ఎత్తు, 7 మీటర్ల వెడల్పు. దీని దగ్గర మన పాఠకులు కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మనకు కారణాలున్నాయి.

నెపోలియన్ ఓడిపోయాక కుదిరిన సంధుల ప్రకారం సెనెగల్‌ను బ్రిటిష్‌వాళ్లు ఫ్రెంచివాళ్లకు తిరిగి ఇవ్వాలి. దాన్ని అందుకోవడానికి కొత్త గవర్నర్‌ను తీసుకుని 1816లో బయల్దేరిన ఓడ మెదూజ్. (అవే సంధుల కింద మన యానాం, పుదుచ్చేరి కూడా ఫ్రెంచివాళ్లకు తిరిగి వెళ్లాయి. యానాం మిత్రులకు ఇది దూరపు కథ కాదు.) ఓడ కెప్టెన్ షోమరే రాజుగారి మనిషి. ఇరవై ఏళ్లకు పైగా సముద్రం మొహం సరిగా చూడనివాడు. పలుకుబడితో పదవి వచ్చింది. జులై 2న ఆఫ్రికా పడమటి తీరం దగ్గర ఇసుక దిబ్బకు ఓడను ఎక్కించాడు. పడవలు చాలలేదు. పెద్దవాళ్లు పడవలెక్కారు. మిగిలిన దాదాపు 147 మందిని దూలాలూ కొయ్యలూ కట్టిన 20 మీటర్ల తెప్ప మీదకు ఎక్కించి, పడవలతో లాగుతామన్నారు. కొంచెం దూరం లాగి, తాళ్లు వదిలేశారు.

గోపాలపురం, పూరీ తీరాల్లో తరాలుగా వేట చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు, ఒడియావాళ్లు నోలియాలంటారే వాళ్లకు, తెప్ప అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చిపోతూనే ఉంటాయి, తెప్ప మునగదు. ఇది అలాంటి తెప్ప కాదు. జనం బరువుకు నడుం లోతు నీళ్లలోకి కుంగిపోయింది. ఉన్న బిస్కట్లు మొదటి రోజే అయిపోయాయి. తర్వాత కొట్లాటలు, చంపుకోవడాలు, శవాల్ని తినడం. పదమూడు రోజులకు ‘ఆర్గస్’ అనే ఓడ కంటపడేనాటికి మిగిలింది 15 మంది. వాళ్లలో అయిదుగురు తర్వాత కొద్ది రోజుల్లోనే పోయారు. బతికినవాళ్లలో వైద్యుడు సవిన్యీ, కొరెయార్ కలిసి 1817లో పుస్తకం రాస్తే ప్రభుత్వం పరువు పోయింది. కెప్టెన్‌కు పడింది మూడేళ్ల జైలు.

జెరికో ఏం చేశాడు? ఇంట్లో కూర్చుని హృదయం తవ్వుకోలేదు. బతికివచ్చిన వడ్రంగి చేత తెప్ప నమూనా కట్టించుకున్నాడు. సవిన్యీతో, కొరెయార్‌తో మాట్లాడాడు. ఆసుపత్రికి పోయి చావబోయేవాళ్ల మొహాలు గీశాడు. తెగిన కాళ్లూ చేతులూ స్టూడియోలో పెట్టుకుని అవి కుళ్లుతూంటే రంగు ఎలా మారుతుందో చూశాడు. ఇంత చేసినవాడు తీరా పెద్ద చిత్రంలో ఏం గీశాడు? పదమూడు రోజులు తిండి లేనివాళ్లను కండలు తిరిగిన శరీరాలతో గీశాడు! మళ్లీ అదే; తెలిసి తెలిసి పక్కకు జరగడం. ఎముకల గూళ్లను గీస్తే జాలి పడి పక్కకు తప్పుకుంటాం. ఈ కండలు చూస్తే అలా తప్పుకోలేం. వీళ్లు బతకదగ్గవాళ్లు, వీళ్లను వదిలేశారు అని అవి అంటాయి. ఆ మనుషుల గుట్ట శిఖరాన గుడ్డ ఊపుతున్నవాడు నల్లజాతి మనిషి. సెనెగల్ తీరాన ఫ్రెంచి వర్తకులు బానిసల వ్యాపారం దొంగచాటుగా సాగిస్తున్న రోజులవి. ఆ చోట అతణ్ణి నిలబెట్టడం ఏ నిఘంటువులోనూ దొరికే ప్రతీక కాదు.

ప్రదర్శనలో ఈ చిత్రానికి పెట్టిన పేరు ‘ఓడ మునక దృశ్యం’. మెదూజ్ అన్న పేరు లేదు, తారీకు లేదు. ఏ ఓడో అడగొద్దు, ఏ మంత్రి హయామో అడగొద్దు, ఏదో ఒక ఓడ, ఎప్పుడో ఒకప్పుడు. చూసినవాళ్లందరికీ మాత్రం ఏ ఓడో తెలుసు. ఈనాడు “ఇది మానవజాతి ఓడ, మన అందరి జీవిత నౌక” అనే వ్యాఖ్యాత ఆ జాగ్రత్తపరుల పనే ఇంకా కొనసాగిస్తున్నాడు. చరిత్రకారుడు మీషెలే అంతటివాడు 1840ల్లో, ఆ తెప్ప మీద ఉన్నది ఫ్రాన్సు దేశమే అన్నాడు. ఆయన అనవచ్చు, ఆ కథ తెలిసిన జనంతో అన్నాడు. మనం కథ చెప్పకుండా అంటున్నాం.

ఫ్రీడ్రిష్ దగ్గర నా వాదం కొంచెం ఇబ్బందిలో పడుతుందని ఒప్పుకోవాలి. జర్మనీ ఉత్తరాన బాల్టిక్ ఒడ్డున గ్రైఫ్స్‌వాల్డ్‌లో 1774లో పుట్టినవాడు. ఆయన ‘సముద్రం ఒడ్డున సన్యాసి’లో భీమా లేదు, కోర్టు లేదు, శవం లేదు. ముప్పాతిక భాగానికి పైగా ఆకాశమే. కింద నల్లటి నీటి పట్టీ, ఇసుక, చీమంత మనిషి. 1810లో బెర్లిన్‌లో ప్రదర్శిస్తే ప్రష్యా రాజు కొన్నాడు. రచయిత క్లైస్ట్ దాన్ని చూస్తే కనురెప్పలు కోసేసినట్టు ఉంటుందని రాశాడు. ఎంత సరిగ్గా చెప్పాడో చూడండి. ఆత్మ, పరమాత్మ అనలేదు. కంటికి ఏమవుతుందో చెప్పాడు. రెప్ప వాల్చే చోటు లేదు, పక్కలకు పోవడానికి చెట్టు లేదు, రాయి లేదు, పడవ లేదు.

పడవ లేదు అన్నాను. మొదట ఉండేవి! చిత్రం అడుగుపొరలు పరీక్షించినవాళ్లకు సన్యాసికి అటూ ఇటూ తెరచాప ఓడల గీతలు కనిపించాయి. ఫ్రీడ్రిష్ గీసి, తీసేశాడు. ఓడరేవు ఊళ్లో పుట్టినవాడికి ఓడ లేని సముద్రం అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. ఆ ఏళ్లలో ఆ తీరాన నెపోలియన్ సైన్యాలు తిష్ఠ వేసి ఉన్నాయి, ఇంగ్లండుతో ఓడ వ్యాపారం నిషేధం. ఓడలు చెరిపింది అందుకే అని నేననను. అలా అంటే నేనూ నిఘంటువు రాస్తున్నట్టే. కానీ ఆ శూన్యం ఆకాశం నించి దిగింది కాదు, ఒక్కొక్క ఓడా చెరిపి చేసింది. “అనంతం” అని ఊరుకునేవాడికి ఆ చెరపడంలోని కఠినత్వం తెలియదు.

ఫ్రీడ్రిష్‌కు నిఘంటువు రాసిపెట్టినవాళ్లు జర్మనీలోనే ఉన్నారు. బ్యోర్ష్-జూపాన్ అనే పండితుడు 1973 నాటి పెద్ద జాబితా గ్రంథంలో చెట్టుకూ రాయికీ లంగరుకూ తలా ఒక క్రైస్తవ అర్థం కట్టబెట్టాడు. ఆ శ్రమకు నమస్కారం. కొన్ని చోట్ల సరిపోతుంది కూడా. ‘జీవిత దశలు’ చిత్రంలో ఒడ్డున అయిదుగురు, నీళ్లలో అయిదు ఓడలు, అక్కడ లెక్క చిత్రకారుడే కట్టాడు. కానీ ‘మంచు సముద్రం’ దగ్గర? 1823, 24ల నాటిది. పలకలు పలకలుగా పైకి తన్నుకొచ్చిన మంచు, కుడి పక్క మూల ఎక్కడో నలిగిపోయిన ఓడ వెనక భాగం. “ఆశాభంగం” అన్నారు చాలాకాలం. ఆ పేరు ఇంకో చిత్రంతో కలగాపులగమై అంటుకున్నది. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు ఇంకోటి అంటారు: చిన్నప్పుడు, 1787లో, ఆయన తమ్ముడు మంచు విరిగి నీళ్లలో పడి చనిపోయాడు, అదే ఇది అని. ఆ దుఃఖం నిజమే, కాదనను. అయితే ఫ్రీడ్రిష్ ఉత్తర ధ్రువం ఎన్నడూ వెళ్లలేదు. 1820-21 చలికాలంలో డ్రెస్డెన్ దగ్గర ఎల్బ్ నది గడ్డకట్టి మంచు పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూంటే పోయి కూర్చుని వాటి అంచుల రంగు గీసుకున్నాడు. మట్టి పసుపు రంగు, నది మంచు రంగు. ఊళ్లోని నదిని ధ్రువం దాకా పెంచాడు. 1840లో ఆయన పోయేదాకా ఆ చిత్రం ఎవరూ కొనలేదు. హృదయాన్ని చూపించే చిత్రమైతే ఎవరో ఒకరు కొనేవాళ్లే.

ఐవజోవ్‌స్కీ ‘తొమ్మిదో కెరటం’ గురించి ఎక్కువ చెప్పను. 1850 నాటి ఆ చిత్రం గొప్ప పనితనం. కానీ మన ఎక్కాల పుస్తకానికి అది చక్కగా ఒప్పుతుంది. తేనె రంగు వెలుగు, శిలువను తలపించే విరిగిన కొయ్య, దాన్ని పట్టుకున్న మనుషులు; ఆశ ముందే వండి వడ్డించాడు. మనకేమీ పని మిగల్చలేదు. నాకు అది నచ్చదు. నచ్చేవాళ్లతో తగవు లేదు.

ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. మనకు 1920ల, 30ల భావకవిత్వం నేర్పిన చూపు ఒకటుంది. ప్రకృతి అంతా కవి మనసుకు అద్దం. దాని అందం దానికుంది. కానీ ఆ అద్దం పట్టుకునే మనం సముద్రాన్ని చూస్తున్నాం, మన సముద్రాన్ని కూడా. టర్నర్ ఆ చిత్రం ప్రదర్శించేనాటికి బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం చట్టంలో పోయింది. చెరకు తోటలకు చేతులు కావాలి. ఒప్పందపు కూలీలుగా మనవాళ్లను తోలారు. కోరంగి రేవు నించి మారిషస్ పోయినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. అక్కడ మనకు ‘కోరంగి’ అనే పేరు అలాగే పడింది. ఆరోపణలు ముదిరి 1839లో ఆ వలస ఆపించారు. తోటల యజమానుల ఒత్తిడికి 1842లో మారిషస్‌కు మళ్లీ తెరిచారు. ఆ రెంటి నడుమ, 1840లో ఆ చిత్రం లండన్‌లో గోడకెక్కింది. కోరంగిలో ఓడెక్కిన మనిషికి సముద్రం మనసుకు అద్దమా? వేటకెళ్లి తిరిగి రాని నోలియా ఇంట్లో, దిగంతం అంటే పరలోకం అని చెప్పగలమా? వాళ్లింట్లో వింటే ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో, సభలో అంత తేలిక.

అందుకని ఒక చిన్న కోరిక, సంపాదకులకూ, చిత్రకళ మీద రాసే మిత్రులకూ. ఈసారి టర్నర్ చిత్రం అచ్చువేస్తే దాని కింద ‘బానిస ఓడ’ అనో ‘సముద్ర సూర్యాస్తమయం’ అనో వేయకండి. ఆయన పెట్టిన పేరు పూర్తిగా, తెలుగులో, బొమ్మ కిందనే పెద్ద అక్షరాలతో వేయండి: ‘చచ్చినవాళ్లనూ చావబోతున్నవాళ్లనూ ఓడమీద నించి విసిరేస్తున్న బానిస వర్తకులు – తుఫాను వస్తోంది’. చోటు చాలకపోతే నా వ్యాసంలో రెండు పేరాలు తీసెయ్యండి.